షాపు కాలింది, సర్వేయరు 27 లక్షల నష్టం రాసినా ఇన్సూరెన్స్ కంపెనీ 17 లక్షలే ఇస్తామంటోంది, ఓచర్ మీద సంతకం పెట్టాలా?

#1 చీరాల_చీరలు
అందరికీ నమస్కారం. పోస్టు పెద్దది, కాస్త ఓపిగ్గా చదవండి. శుక్రవారంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

మాది చీరాలలో చీరల షాపు. నాన్నగారు ముప్పై ఏళ్లు నడిపారు. పోయిన సెప్టెంబరులో గుండెపోటుతో వెళ్లిపోయారు. అప్పటినుంచి అమ్మా నేనూ చూసుకుంటున్నాం. ఫిబ్రవరిలో మాఘమాసం పెళ్లిళ్లకని సరుకంతా దించుకున్న వారానికి, రాత్రి రెండున్నరకి ఎదురు షాపు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. వెళ్లేసరికి షట్టర్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఫైరింజన్ వచ్చి వెనక గోడ కిటికీ పగలగొట్టి నీళ్లు కొట్టారు. పై అంతస్తులో పట్టు మొత్తం పోయింది, కింద నూలు చీరలు సగం కాలి సగం తడిసిపోయాయి. పొద్దున్నే వెళ్లి చూస్తే కుప్పడం చీరల అంచుల్లో జరీ కరిగి సన్న పూసల్లా అంటుకుపోయి ఉంది. మడత విప్పితే అంచు చేతిలోకి ఊడి వచ్చేస్తోంది. అమ్మ ఒక్కో చీర విప్పి చూసి పక్కన పెడుతుంటే నేనక్కడ నిలబడలేకపోయాను.

ఇన్సూరెన్స్ ఉంది. బ్యాంకు సీసీ లోను (సరుకు మీద ఇచ్చే వ్యాపార అప్పు) కోసం చేయించింది, ఏప్రిల్ నుంచి ఏప్రిల్ దాకా, నాన్నగారి పేరు మీదే. సరుకుకి 40 లక్షలు, బిల్డింగుకి 15, ఫర్నిచరుకి 5. నాలుగు నెలలు తిప్పి ఇప్పుడు సరుకు కింద 17 లక్షల 10 వేలు ఇస్తాం, ఈ ఓచర్ మీద 'పూర్తి, తుది పరిష్కారం' అని సంతకం పెట్టండి అంటున్నారు. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపిన సర్వేయరే నికర నష్టం 27 లక్షలు అని రాశాడట, మరి 17 ఎలా అయింది అంటే సరైన జవాబు లేదు. సంతకం పెట్టకపోతే ఫైలు వెనక్కి పోతుంది అంటున్నారు. బ్యాంకులో వడ్డీ పెరిగిపోతోంది, టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర లేదు.

ఇది చాలదన్నట్టు మా పెద్దనాన్న గారు బిల్డింగు ఉమ్మడిది, ఇన్సూరెన్స్ డబ్బులో నాకూ సగం రావాలి అని కంపెనీకి లాయరు నోటీసు పంపారు. ఏం చేయాలో చెప్పండి.

#2 ఒంగోలు_కుర్రాడు
అన్నా, షార్ట్ సర్క్యూట్ అయితే అసలు క్లెయిమే రాదంటారు కదా. 17 అయినా వస్తోంది, తీసేసుకో. మా ఫ్రెండుకి ఇలాగే లాగి లాగి చివరికి ఏమీ రాలేదు.

#3 పాత_సర్వేయర్
పై తమ్ముడు చెప్పింది తప్పు. ఇలాంటి మాటలు నమ్మే చాలామంది రావాల్సింది వదులుకుంటారు. ఫైర్ పాలసీలో మినహాయింపు ఏమిటంటే, ఓవర్ లోడ్ వల్లో షార్ట్ సర్క్యూట్ వల్లో పాడైన ఆ ఎలక్ట్రిక్ వస్తువు వరకే. మీటరు బోర్డు మాడిపోతే ఆ బోర్డు డబ్బు రాదు. దాని నుంచి లేచిన మంట సరుకుని తగలబెడితే ఆ సరుకు నష్టం కచ్చితంగా కవర్ అవుతుంది. 2009లో జువారీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి దాంట్లోనే, నష్టానికి దగ్గరి అసలు కారణం అగ్నే కాబట్టి కట్టాలి అంది. 2023లో ముదిత్ రోడ్‌వేస్ కేసులో ఇంకా సూటిగా చెప్పారు: పాలసీదారు తానే నిప్పు పెట్టుకోనప్పుడు, మంట షార్ట్ సర్క్యూట్ వల్ల లేచిందా ఇంకోదాని వల్లా అన్నది పెద్ద విషయం కాదని. ఫైరింజన్ నీళ్లకి తడిసిన సరుకు కూడా అగ్ని నష్టమే, అది వేరే లెక్క కాదు.

చీరాల బాబూ, నేను ఇరవై రెండేళ్లు సర్వేయరుగా చేశాను. ముందు ఒక పని చెయ్యి. సర్వే రిపోర్టు కాపీ కావాలని కంపెనీకి ఈమెయిల్ పెట్టు. ఫోన్లో అడగొద్దు. అడిగితే ఇవ్వాల్సిందే. అందులో చివర లెక్కల షీటు ఉంటుంది, దాన్ని ఇక్కడ పెట్టు. అది చూడకుండా సంతకం పెట్టొద్దు.

#4 జమ్మికుంట_పత్తి
అన్నా, నేను సంతకం పెట్టిన. నా అనుభవం చెప్తా. ఏడేళ్ల కింద మా పత్తి గోడౌన్ కాలింది. బ్యాంకోళ్లు రోజూ ఫోన్లు, ఇటు కంపెనీ వాళ్లేమో 'ఇది తీసుకో, లేకపోతే అది కూడా రాదు' అని. భయపడి ఓచర్ మీద సంతకం చేసిన. మా అదృష్టం ఏందంటే మా బావమరిది చెప్పిండని తెల్లారే ఈమెయిల్ పెట్టినం, బ్యాంకు ఒత్తిడి వల్ల సంతకం చేసినం, మిగతా మొత్తం మీద మా హక్కు వదులుకోలేదని. ఆ ఒక్క మెయిలే కన్స్యూమర్ కేసుల పనికొచ్చింది. కానీ మూడున్నరేళ్లు పట్టింది. ఆ మూడున్నరేళ్లు ఎట్ల గడిచినయో మాకే తెలుసు. నువ్వు ముందే జాగ్రత్తపడు.

#5 బెజవాడ_లాయరమ్మ
జమ్మికుంట గారు చెప్పింది చాలా ముఖ్యం. ఓచర్ మీద సంతకం పెట్టినంత మాత్రాన దారి మూసుకుపోదు. 1999లో అజ్మీర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో, మోసం, ఒత్తిడి, తప్పుడు మాటలతో సంతకం తీసుకున్నారని చూపిస్తే మిగతా మొత్తం కోసం అడగొచ్చు అని సుప్రీంకోర్టు చెప్పింది. 2015 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ కూడా, ఓచర్‌ను అడ్డం పెట్టుకుని పాలసీదారు కోర్టుకి వెళ్లకుండా ఆపకూడదని సర్క్యులర్ ఇచ్చింది. కానీ ఒత్తిడి ఉందని ఊరికే నోటిమాటగా అంటే చెల్లదు, 2014లో జీనస్ పవర్ కేసులో ఆ వాదన ఓడిపోయింది. సంతకం పెట్టి వారాల తరబడి నోరు మెదపకుండా ఉండి తర్వాత ఒత్తిడి అంటే ఎవరూ నమ్మరు. అందుకే తెల్లవారే మెయిల్.

ఇంకోటి. నాన్నగారు పాలసీ నడుస్తుండగా మధ్యలో పోయారు కాబట్టి కంగారు లేదు. ఆస్తి అమ్మేస్తే పాలసీ ఆగిపోతుంది కానీ, వీలునామా ద్వారానో వారసత్వం ద్వారానో వస్తే ఆగదు, స్టాండర్డ్ పాలసీ షరతుల్లోనే ఉంటుంది చూసుకోండి. రెన్యువల్ మాత్రం ఆయన పేరు మీద చేయించొద్దు, ఏప్రిల్‌లో ఏం చేశారు?

#6 చీరాల_చీరలు
మేడం, ఏప్రిల్‌లో అమ్మ పేరు మీద కొత్త పాలసీ తీసుకున్నాం. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చి ఇచ్చాం, ఒంగోలులో ఉన్న అక్క అభ్యంతరం లేదని రాసిచ్చింది.

సర్వేయర్ సార్, మీరు చెప్పినట్టు మెయిల్ పెట్టాను. మొదట 'అది కాన్ఫిడెన్షియల్' అన్నారు. మళ్లీ పెట్టాను. ఇవాళ సాయంత్రం వచ్చింది. లెక్కల షీటు ఇదీ:

ఆ రోజుకి షాపులో ఉన్న సరుకు విలువ, జనవరి బ్యాంకు స్టాక్ స్టేట్‌మెంటు ప్రకారం: 60 లక్షలు
కాలిన, తడిసిన సరుకు: 44 లక్షలు
అందులో పాలసీదారుది కాని సరుకు, నేతవాళ్లది: 8 లక్షలు, తీసివేత
మిగిలింది: 36 లక్షలు
పాత సరుకు, కదలని సరుకు కింద: 6 లక్షలు తీసివేత
సాల్వేజ్ (పాడైన సరుకు అమ్మితే వచ్చే విలువ): 3 లక్షలు తీసివేత
నికర నష్టం: 27 లక్షలు
బీమా 40, ఉన్న సరుకు 60 కాబట్టి మూడింట రెండు వంతులు: 18 లక్షలు
ఎక్సెస్ (పాలసీదారే భరించాల్సిన భాగం) 5 శాతం: 90 వేలు
ఇవ్వాల్సింది: 17 లక్షల 10 వేలు

మాకు అర్థం కాని విషయం, 27కి 18 ఎందుకు ఇస్తారు? 40 లక్షలకి కదా బీమా చేశాం.

#7 పాత_సర్వేయర్
దీన్ని యావరేజ్ అంటారు. నీ దగ్గర 60 లక్షల సరుకు ఉంటే 40 లక్షలకే బీమా చేశావంటే మిగతా మూడో వంతుకి నువ్వే పూచీ అని అర్థం. అందుకే ఎంత నష్టమైనా మూడింట రెండు వంతులే ఇస్తారు. షాపుల వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, సీజన్లో సరుకు పెరుగుతుంది, బీమా మాత్రం సంవత్సరం మొదట్లో రాసిందే ఉంటుంది.

నిబంధన సరే, ఈ లెక్క మాత్రం తప్పు. నాలుగుసార్లు చదివి చెప్తున్నాను. నేతవాళ్ల చీరలు నీవి కావు, పాలసీలో లేవు అని నష్టంలోంచి 8 లక్షలు తీసేశాడు. సరే, పాలసీలో 'ట్రస్టులో ఉన్న సరుకు', అంటే వేరేవాళ్లు నమ్మి అప్పజెప్పిన సరుకు, అని లేకపోతే అది న్యాయమే. మరి పైన 60 లక్షల్లో ఆ నేతవాళ్ల సరుకు ఉందా లేదా? నష్టం లెక్కలో అవి నీవి కాకపోతే, ఉన్న సరుకు లెక్కలో కూడా నీవి కాకూడదు కదా. షాపులో మొత్తం నేతవాళ్ల సరుకు ఎంతుంది? కాలింది, కాలనిది కలిపి.

నీ పాలసీ పేరు కూడా చూసి చెప్పు. 2021 ఏప్రిల్ నుంచి 5 కోట్ల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఇస్తున్నారు. అదైతే 15 శాతం దాకా బీమా తక్కువ పడినా యావరేజ్ వేయకూడదు.

#8 చీరాల_చీరలు
సార్, చేతులు వణుకుతున్నాయి రాస్తుంటే. మీరన్నదే, సూక్ష్మ ఉద్యమ్ సురక్ష.

నేతవాళ్లవి మొత్తం 14 లక్షలు. మా దగ్గర అమ్మకానికి పెడతారు, అమ్మాక డబ్బిస్తాం. నాన్నగారికి విడిగా ఎర్ర అట్ట పుస్తకం ఉండేది, ఎవరివి ఎన్ని చీరలు, ఏ తేదీన వచ్చాయి అని. అది ఇంట్లోనే ఉంది కాబట్టి కాలలేదు. బ్యాంకుకి స్టాక్ స్టేట్‌మెంటు ఇచ్చేటప్పుడు అకౌంటెంటు షాపులో ఉన్నదంతా కలిపి 60 అని రాసేశాడు.

అంటే మా సొంత సరుకు 46 లక్షలే.

#9 పాత_సర్వేయర్
46లో 40. తక్కువ పడింది 13 శాతం. 15 లోపు. యావరేజ్ వేయడానికే లేదు.

27 లక్షలు, ఎక్సెస్ 1 లక్షా 35 వేలు పోను 25 లక్షల 65 వేలు రావాలి. నీకిస్తామన్న దానికంటే 8 లక్షల 55 వేలు ఎక్కువ. పాత సరుకు అని తీసేసిన 6 లక్షల మీద కూడా అడగొచ్చు. ఏ చీరలు, ఎప్పుడు కొన్నవి అని జాబితా లేకుండా గుండుగుత్తగా తీసేస్తే అది అంచనా కాదు. కానీ ముందు యావరేజ్ సంగతి పట్టుకో, అది వాళ్ల కాగితంలోనే ఉన్న తప్పు, ఎవరూ కాదనలేరు. ఎర్ర పుస్తకం ప్రతి పేజీ స్కాన్ చెయ్యి, వచ్చిన చీరల చలాన్లు పెట్టు, బిల్లుల మొత్తం జీఎస్టీ రిటర్నులతో సరిపోయేలా సీఏ చేత సర్టిఫికెట్ తీసుకో. అన్నీ కలిపి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి పంపు.

#10 ఒంగోలు_కుర్రాడు
అన్నా సారీ, తెలియక చెప్పాను. ఇది చదివాక మా నాన్న షాపు పాలసీ తీసి చూస్తున్నాను.

#11 జాండ్రపేట_మగ్గం
నేను నేతపని చేసేవాడిని. అన్నీ చదివాను. మీ 27, మీ 25 అన్నీ బాగానే ఉన్నాయి బాబూ. ఆ 8 లక్షల చీరలు ఎవరివి? మావి. మీ షాపులో కాకపోయినా ఇలాంటి షాపులోనే పోయినేడు నా చీరలు పదకొండు పోయాయి. ఒక కుప్పడం చీర మగ్గం మీద వారం పైన పడుతుంది, ఇద్దరం కూర్చుంటే. నూలు అప్పు, జరీ అప్పు. షాపాయన ఇన్సూరెన్స్ రాలేదు అన్నాడు, మీవి అందులో లేవన్నాడు. అంతే. ఎవరికి చెప్పుకోవాలి మేము?

#12 చీరాల_చీరలు
అన్నా, మీరు అడిగింది న్యాయం. మా పుస్తకంలో పదహారు ఇళ్ల వాళ్లున్నారు. కొందరు నాన్నగారి పెళ్లికి వచ్చిన వాళ్లు. ఒక్కరూ గట్టిగా అడగలేదు, అడక్కపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

#13 బెజవాడ_లాయరమ్మ
జాండ్రపేట అన్నా, ఉన్నదున్నట్టు చెప్తాను. మీరు సరుకు అప్పజెప్పినప్పుడు మామూలు జాగ్రత్త ఉన్న మనిషి తన సొంత సరుకుని చూసుకున్నట్టే షాపువాళ్లు చూడాలి, కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ అదే చెప్తుంది. అలా చూసినా పోతే 152 ప్రకారం వాళ్ల పూచీ ఉండదు, వేరే ఒప్పందం ఉంటే తప్ప. అంటే వైరింగు పాతదై ఎన్నిసార్లు చెప్పినా మార్చలేదు లాంటిది ఉంటే మీరు అడగొచ్చు, లేకపోతే కష్టం.

ఒప్పందం ఉంటే ఎంత తేడా వస్తుందో చూడండి. కర్ణాటకలో బ్యాడిగిలో 2014 జనవరిలో ఒక కోల్డ్ స్టోరేజీ కాలి రైతుల మిర్చి పోయింది. రైతులు మా పాలసీదారులు కాదు, వాళ్లతో మాకు సంబంధం లేదు అంది కంపెనీ. రైతు, బ్యాంకు, కోల్డ్ స్టోరేజీ ముగ్గురి మధ్య ఒప్పందం ఉంది, ఆ సరుకు కోసమే బీమా కాబట్టి రైతులు లబ్ధిదారులు, వాళ్లు నేరుగా ఫిర్యాదు చేయొచ్చు అని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆరేళ్లు పట్టింది కానీ రైతులు గెలిచారు. మన గుంటూరు మిర్చి రైతులకి కూడా పనికొచ్చే తీర్పు అది.

మీరు చీరలిచ్చేటప్పుడు చలానా మీద 'ఈ సరుకుకి షాపు బీమా చేయించాలి' అని ఒక్క వాక్యం రాయించుకోండి. షాపువాళ్లు పాలసీలో 'ట్రస్టులో, కమిషన్ మీద ఉన్న సరుకు' అని చేర్పించాలి. సరుకు విలువ పెరిగిన మేరకే ప్రీమియం పెరుగుతుంది.

#14 కూకట్‌పల్లి_ఫ్లాట్
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి, ఇంటికి కూడా యావరేజ్ వేస్తారా? హోమ్ లోనుతో పాటు ఇచ్చిన పాలసీ ఉంది మాకు.

#15 పాత_సర్వేయర్
భారత్ గృహ రక్ష అయితే యావరేజ్ లేదు. సామాన్లకి విడిగా రాయకపోయినా బిల్డింగు బీమాలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా వస్తుంది. నీ కాగితం మీద ఆ పేరు ఉందో లేదో చూసుకో. లోనుతో అంటగట్టినవి కొన్ని వేరే రకం.

#16 చీరాల_చీరలు
మేడం, పెద్దనాన్న గారి విషయం ఏం చేయమంటారు? ఆయన నోటీసు చూపించి మొత్తం ఫైలే ఆపేస్తామని కంపెనీవాళ్లు ఇప్పుడు కొత్తగా అంటున్నారు. స్థలం తాతగారిది, పంపకాలు కాగితం మీద కాలేదు. షాపు మాత్రం నాన్నగారే కట్టించారు, ప్రీమియం కూడా ఆయనే కట్టారు.

#17 బెజవాడ_లాయరమ్మ
రెండూ కలపనివ్వకండి. సరుకు మీద పెద్దనాన్న గారికి ఏ హక్కూ లేదు, ఆయన నోటీసులో కూడా బిల్డింగే అడిగారు. కాబట్టి సరుకు, ఫర్నిచరు క్లెయిమ్ ఇప్పుడే పరిష్కరించండి, బిల్డింగు సంగతి విడిగా ఉంచండి అని రాతపూర్వకంగా అడగండి. సరుకు డబ్బు ఎలాగూ పాలసీలోని బ్యాంకు క్లాజు (డబ్బు బ్యాంకుకే ఇవ్వాలన్న షరతు) ప్రకారం సీసీ ఖాతాలోకే వెళ్తుంది, బ్యాంకు చేత కూడా అదే ఉత్తరం రాయించండి, వాళ్లకీ డబ్బు కావాలి.

బిల్డింగు విషయంలో ఒక మాట. బీమా అనేది స్థలంతో పాటు నడిచే హక్కు కాదు, కంపెనీకీ పాలసీదారుకీ మధ్య ఒప్పందం. పెద్దనాన్న గారి పేరు పాలసీలో లేదు, ప్రీమియం కట్టలేదు. అలాగని మీకు మొత్తం వచ్చేస్తుందనీ కాదు, బిల్డింగులో నాన్నగారికి ఎంతమేరకు హక్కు ఉందో అంతమేరకే నష్టం. కట్టించింది ఆయనే అని ప్లాను, మున్సిపల్ పన్ను రసీదులు, మేస్త్రీ బిల్లులు ఏమున్నా తీయండి. ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడుకోగలిగితే అంతకంటే మంచిది లేదు, పంపకం దావా కోర్టులో వేస్తే మీ పిల్లల కాలానికి తేలుతుంది.

కంపెనీ ఒప్పుకోకపోతే రెండు దారులు. ఒకటి హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, 50 లక్షల దాకా, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వారసులు కూడా వెళ్లొచ్చు. ముందు కంపెనీకి రాసి నెల ఆగాలి, తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. రెండోది వినియోగదారుల కమిషన్, రెండేళ్లలోపు. 2019 చట్టం వచ్చాక ఏ కమిషన్‌కి వెళ్లాలన్నది కట్టిన ప్రీమియం బట్టి చూస్తారు, క్లెయిమ్ మొత్తం బట్టి కాదు, కాబట్టి మీలాంటి వాళ్లందరికీ జిల్లా కమిషనే. వ్యాపారం కాబట్టి వినియోగదారు కాదు అని కంపెనీ లాయరు అంటే, 2002 గుజరాత్ అల్లర్లలో కాలిన హర్సోలియా మోటార్స్ కేసు చూపించండి, 2023లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ఒకేసారి రెండు చోట్లా వేయకూడదు.

#18 జమ్మికుంట_పత్తి
ఇంకోటి తమ్ముడూ. వాళ్లు ఇప్పుడు రాతపూర్వకంగా ఏ కారణం చెప్తే దానికే కట్టుబడి ఉండాలె. మా కేసుల కమిషన్ ముందట కొత్తగా ఆలస్యంగా చెప్పినం అని ఎత్తిండ్రు, ముందు లెటర్ల అది లేదని మా లాయరు పట్టుకుండు. అందుకే ప్రతిదీ రాతల అడుగు.

#19 చీరాల_చీరలు
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ఆ శుక్రవారం సంతకం పెట్టలేదు. ఎర్ర పుస్తకం స్కాన్లు, చలాన్లు, సీఏ సర్టిఫికెట్, సర్వేయర్ సార్ చెప్పిన లెక్క ఒక పేజీలో రాసి గ్రీవెన్స్ ఆఫీసరుకి పంపాం. ఇరవై రోజులు జవాబు లేదు. అంబుడ్స్‌మన్‌కి వెళ్తున్నామని మళ్లీ రాశాక, సర్వేయరుకి తిప్పి పంపారు. ఆయన షాపుకి వచ్చి పుస్తకం అసలు చూశాడు, ఒక గంట కూర్చుని పదహారు పేర్లూ చలాన్లతో సరిచూసుకున్నాడు. సవరించిన రిపోర్టులో యావరేజ్ తీసేశారు. పాత సరుకు 6 లక్షలు మాత్రం ఇవ్వలేదు. నిన్న 25 లక్షల 65 వేలు సీసీ ఖాతాలో పడింది. ఓచర్ మీద 'పాత సరుకు, బిల్డింగు మొత్తాలపై హక్కు వదులుకోకుండా' అని చేత్తో రాసి సంతకం పెట్టాను, కొంచెం గొణిగి తీసుకున్నారు.

బిల్డింగు అలాగే ఉంది. పెద్దనాన్న గారు శ్రావణంలో ఇంటికి వస్తానన్నారు, అమ్మ ఫోన్ చేసి మాట్లాడింది.

జాండ్రపేట అన్నా, కొత్త పాలసీలో ట్రస్టు సరుకు 15 లక్షలకి చేర్పించాం, ఆ కాగితం షాపు గోడకి పెట్టాం. పాత 8 లక్షలు చట్టప్రకారం మేం ఇవ్వాలో లేదో మేడంని అడగలేదు. అమ్మ ఎర్ర పుస్తకం ముందేసుకుని నెలకి ఇద్దరి చొప్పున అని రాసింది. మొదటి ఇద్దరికి ఆదివారం ఇచ్చి వచ్చాం.

#20 జాండ్రపేట_మగ్గం
నాకు తెలుసు. అందులో ఒకరు మా పిన్ని.